నా వల్ల కాదన్న అల్లుడు

“నా వల్ల కాదు అత్తయ్యా.”

“ఆ రోజు ఆసుపత్రిలో కూడా ఇదే మాట అన్నారు అల్లుడుగారూ. కారు స్తంభానికి గుద్దుకుంది మీ వల్ల కాదు. పిల్ల చెయ్యి విరిగింది మీ వల్ల కాదు. ఇప్పుడు నలుగురిలో లేచి నాలుగు ముక్కలు చెప్పడం గూడా మీ వల్ల కాదా? ఇంతకీ ఈ ఇంట్లో మీ వల్ల అయ్యేదేందండీ?”

“అది వేరు, ఇది వేరు. అప్పుడు నేనన్న అర్థం...”

“అర్థాలు చదువుకున్నోళ్ళకి. నాకు మాటలే తెలుసు.”

“అసలు నన్నడక్కుండా పాస్టరుగారికి ఎందుకు చెప్పారు, నేను సాక్ష్యం చెబుతానని?”

“మిమ్మల్నడిగితే మీ వల్ల కాదంటారని.”

మా అమ్మాయి గబగబా వంటగదిలోకి వచ్చింది. “అమ్మా, ఇంక ఆపు. మధ్యాహ్నానికి జనం వస్తారు” అంది.

“రావాలనేగా పిలిపించింది” అన్నాను, ఉల్లిపాయలు కోస్తూనే. అల్లుడు టీ కప్పు సింకులో పెట్టి మేడ మెట్లెక్కి పోయాడు.

అది శనివారం ఉదయం. ఇల్లు పోర్ట్‌లీష్ అనే ఊళ్ళో, మా అమ్మాయిది. ఆమె ఆసుపత్రిలో నర్సు. అల్లుడికి డబ్లిన్‌లో కంప్యూటర్ ఉద్యోగం, పొద్దున రైలెక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. ఎనిమిదేళ్ళ మనవరాలిని చూసుకోవడానికి నన్ను పిలిపించుకున్నారు.

మా అల్లుణ్ణి నేను ఏనాడూ ‘నువ్వు’ అనలేదు. మా గుంటూరు వైపు అత్తలు అల్లుళ్ళని మన్నించి మాట్లాడాలి, వాళ్ళ ఎదుట కుర్చీలో కూర్చోకూడదు. కుర్చీ సంగతి ఈ దేశంలో వదిలేశాను గాని ‘గారు’ని వదల్లేదు. కోపం పెరిగిన కొద్దీ నా గారు కూడా పెరుగుతుంది. ఆ మాటతో మనిషిని ఎంత గట్టిగా కొట్టవచ్చో మా వైపు ఆడవాళ్ళకి ఒకరు నేర్పక్కర్లేదు.

ఆ చలికాలంలో ఒక రోజు అల్లుడు పిల్లని ఈత క్లాసుకి తీసుకెళ్ళి తిరిగి తెస్తూ, మా ఇళ్ళ వరుస మొదట్లో ఉన్న రాతి స్తంభానికి కారు కొట్టాడు. పిల్లకి ముంజేతి ఎముక విరిగింది. పక్కింటాయన ఇద్దరినీ ఆసుపత్రికి చేర్చాడు. మా అమ్మాయి వార్డులోంచి పరిగెత్తుకుని వెళ్తే మొగుడి దగ్గర మందు వాసన వచ్చింది. “కొంచెమే తాగాను. గుద్దుకుంది మాత్రం నా వల్ల కాదు. పాప బెల్టు విప్పుకుని వెనక నుంచి నా చెయ్యి లాగింది” అన్నాడు. సాయంత్రం గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఇంటికి వచ్చేసరికి పడుకుని లేచి స్నానం చేసి కూర్చున్నాడు. వాళ్ళకి మందు సంగతి చెప్పలేదు. పిల్ల చెయ్యి లాగిందని మాత్రం చెప్పాడు. పిల్లలు అంతే అన్నట్టు తలూపి వెళ్ళిపోయారు.

పిల్ల నాతో వేరే చెప్పింది. దానికి తెలుగు అర్థమవుతుంది గాని జవాబు ఇంగ్లీషే. “ఐ డిడ్నాట్, అమ్మమ్మా. ఐ వాజ్ లుకింగ్ ఎట్ ద కౌస్” అంది. కిటికీలోంచి ఆవుల్ని చూస్తున్నానని. నేను దాని మాటే నమ్మాను. తాగినవాడు ఒకటి చెప్పి, తాగనిది ఒకటి చెబితే ఎవరిని నమ్మాలో తెలియడానికి నా అయిదో తరగతి చాలు. మా అమ్మాయి మాత్రం ఎటూ తేల్చలేదు. “ఆయన మానేస్తానంటున్నారమ్మా, తాగుడు మానేవాళ్ళ గ్రూపులో చేరుతున్నారు, ఇప్పుడు అదంతా తవ్వితే మనిషి విరిగిపోతాడు” అంది. పిల్ల చెయ్యి అప్పటికే విరిగిందని నేను గుర్తు చేశాను.

తెలుగువాళ్ళం నెలకోసారి ఎవరింట్లోనో ప్రార్థన పెట్టుకుంటాం. విశ్వాసులు కొందరు, బిర్యానీకి వచ్చే మన హిందూ స్నేహితులు కొందరు. లిమరిక్ నుంచి ఒక కుటుంబం వస్తుంది. ఆ ఇంటావిడ కట్టుతో ఉన్న పిల్లని చూసి, “ఏం డ్రైవరమ్మా, ఇవాళ ఎవరి కారు గుద్దావు?” అంది. అందరూ నవ్వారు. మా అల్లుడూ నవ్వాడు. అప్పట్నుంచి పిల్లకి ఆ పేరే ఖాయమైంది.

మొదట్లో పిల్ల ఏడ్చేది, తర్వాత మానేసింది. ఒక రోజు పడుకునేముందు చేతులు జోడించి ప్రార్థన చేసుకుంటూ, డాడీ చెయ్యి లాగినందుకు సారీ అని యేసయ్యతో చెప్పుకుంది. నేను పక్కనే ఉన్నాను. “నువ్వు లాగలేదుగా తల్లీ” అంటే, “మే బీ ఐ డిడ్, అమ్మమ్మా” అంది.

ఆ మాట విన్నప్పుడే అనుకున్నాను, ఈ మనిషిని ఊరికే వదలనని. ఇంట్లోంచి వెళ్ళగొట్టాలని కాదు. ఎంతమంది ముందు నవ్వాడో అంతమంది ముందు ఆ నోటితోనే నిజం కక్కించాలి. నాకు అంతకు తక్కువ అక్కర్లేదు.

ఈ మనిషి నోట నిజం వచ్చేదాకా అన్నం రుచి తెలియనియ్యవద్దని ప్రభువుకి ప్రార్థన చేశాను. ప్రభువుకి సాయంగా అల్లుడి గిన్నెలో కూరకి ఉప్పు నేనే తగ్గించాను. ఆయన అడగలేదు, తిని లేచేవాడు. పాస్టరుగారి భార్య ఫోన్లో, “పగ దేవుడికి వదిలెయ్యండి అమ్మా” అంది. “ఆయనకి లోకమంతా ఉంది తల్లీ, నాకు ఒక్కడే ఉన్నాడు. నేను చూసుకుంటాలే” అన్నాను.

ఒక రోజు బట్టలు సర్దుతుంటే హాట్ ప్రెస్‌లో వోడ్కా సీసా దొరికింది. నీళ్ళ ట్యాంకు పక్కన తువ్వాళ్ళు పెట్టుకునే వెచ్చటి అల్మారాని ఇక్కడ హాట్ ప్రెస్ అంటారు. సీసా సగానికి పైగా ఉంది. సింకులో పారబొయ్యడానికి నాకు మనసొప్పలేదు. పారబొయ్యడం మా ఇంటా వంటా లేదు. అల్లుడు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగి, ఆయన సోఫాలో కూర్చున్నాక పాత బనీను గుడ్డ తెచ్చి, ఆ మందుతో ముందుగది కిటికీ అద్దాలన్నీ తుడిచాను. గదంతా వాసన. ఆయన గుటకలు మింగుతూ చూస్తూ కూర్చున్నాడు.

“బాగా పోతోందండీ మురికి. ఇన్నాళ్ళూ ఎందుకు తాగి పాడుచేశారో” అన్నాను.

ఆయన లేచి కోటు వేసుకుని వర్షంలో బయటికి వెళ్ళాడు. మందుకే వెళ్ళాడనుకుని నేను గెలిచినట్టే కూర్చున్నాను. కాదట, గ్రూపు నడిపే పెద్దాయన ఇంటికి వెళ్ళి, పొద్దుపోయేదాకా అక్కడే కూర్చున్నాడట. అద్దాలు మాత్రం మెరిశాయి.

ఆ గ్రూపు గురువారాల్లో చర్చి హాల్లో జరుగుతుంది. అక్కడికి నిజంగా వెళ్తున్నాడో లేదో చూద్దామని, ఇంట్లోవాళ్ళు కూడా రావచ్చన్న ఒక రోజు నేనూ బయల్దేరాను. టీ ఇచ్చారు, బిస్కట్లు ఇచ్చారు. యేసయ్య పేరు మీద ప్రార్థన చేసి మొదలుపెట్టారు. ఎద్దులాంటి ఒక రైతు లేచి, టోపీ చేత్తో నలుపుకుంటూ ఏదో చెప్పి కూర్చున్నాడు. అందరూ “గుడ్ మ్యాన్” అన్నారు. ఒకాయన భుజం తట్టాడు.

“ఏమంటాడండీ?” అని అల్లుణ్ణి అడిగాను.

“తాగుడు ముందు నేను పవర్‌లెస్ అంటున్నాడు.”

“అంటే?”

ఆయన తెలుగు మాట కోసం వెతుక్కున్నాడు. “నా వల్ల కాదు, అంటున్నాడత్తయ్యా.”

“దానికి మెచ్చుకోలా?”

“ఇక్కడ మొదటి మెట్టు అదే.”

“మొదటి మెట్టు మీదే కూలబడితే పైకెక్కేదెప్పుడంట?”

ఆయనకి నవ్వు వచ్చింది. నాకు రాలేదు. ఆ మూడు ముక్కలూ నేను అంతకు ముందే విన్నాను. పిల్ల చేతికి కట్టు కడుతుంటే ఆసుపత్రిలో మా అమ్మాయితో అన్న మాట అదే. నేను చెయ్యలేను అనడానికీ, నేను చెయ్యలేదు అనడానికీ మన భాషలో ఒకటే మాట ఉండడం తాగుబోతులకి బాగా కలిసివచ్చిందని అనుకుంటూ టీ తాగాను. వీళ్ళ సభలో ఆ మాటకి మెచ్చుకోలు కూడా దొరుకుతోంది కాబట్టి ఇక ఈయన జన్మలో నిజం చెప్పడని తేల్చుకున్నాను.

మన సంఘాల్లో ఇలా ఉండదు. ఓడినవాడు లేచి నిలబడడు. వీసా వచ్చాక లేస్తారు, ఉద్యోగం వచ్చాక లేస్తారు, గడ్డ కరిగిందని డాక్టరు చెప్పాక లేస్తారు. ఒకప్పుడు ఇలా ఉండేవాణ్ణి, ప్రభువు విడిపించాడు అంటారు, అందరూ స్తోత్రం అంటారు. అదీ సాక్ష్యం. మా అల్లుడు కూడా మునుపు రెండుసార్లు లేచి, తాగుడు నుంచి విడుదల పొందానని చెప్పినవాడే. చప్పట్లు కూడా కొట్టారు.

అందుకే ఈసారి ప్రార్థన మా ఇంట్లో పెట్టమని, అల్లుడి సాక్ష్యం ఉంటుందని పాస్టరుగారికి నేనే ఫోను చేశాను. అల్లుడు నోరు తెరిస్తే పిల్ల సంగతేందని అందరిలో అడుగుదామని, తెరవకపోతే నా నోరే తెరుద్దామని నా ఉద్దేశం. ఎటు పోయినా దొరుకుతాడు. ఆ పొద్దున మా మధ్య జరిగిన గొడవ దాని గురించే.

మధ్యాహ్నానికి ఇల్లు నిండింది. చెప్పులు గుమ్మం బయట వర్షంలో తడవకుండా హాల్లోకి తెచ్చి పెట్టాను. పాటలు అయ్యాయి. ఒకతను కొత్త లీజు దొరికిందని సాక్ష్యం చెప్పాడు. ఈ దేశంలో అద్దెకి ఇల్లు దొరకడం అద్భుతమే కాబట్టి అందరూ మనసారా స్తోత్రం అన్నారు. తర్వాత పాస్టరుగారు మా అల్లుడి వైపు చూశాడు.

అల్లుడు లేచి నిలబడ్డాడు.

“ప్రైజ్ ద లార్డ్” అన్నాడు. అందరూ తిరిగి అన్నారు. “తాగుడు మానడం నా వల్ల కాదు.”

“స్తోత్రం” అంది వెనక నుంచి ఒకావిడ, అలవాటు కొద్దీ. పక్కావిడ ఆమె మోచెయ్యి గిల్లింది.

“మీ అందరి ముందు రెండుసార్లు విడుదల పొందానని చెప్పాను. రెండుసార్లూ అబద్ధమే. మొదటిసారి చెప్పిన రోజే ఇంటికెళ్ళి తాగాను. ఇవాళ తాగలేదు. రేపటికి మాటివ్వలేను. ఇప్పుడు ఇక్కడ నిలబడి కూడా తాగాలనే ఉంది.”

పాస్టరుగారు కుర్చీ అంచుకి జరిగాడు. “అలా అనకూడదు బ్రదర్. విడుదల పొందాను అని విశ్వాసంతో పలకండి. ప్రభువు చేస్తాడు.”

“పలికాను పాస్టరుగారూ. పలికినన్నాళ్ళూ నేనే చేసుకుంటాననుకున్నాను, ఆయన్ని రానివ్వలేదు. ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదని ఒప్పుకుంటున్నాను. ఆయన చేస్తే చెయ్యాలి. నాకు చేతగాదు.”

పాస్టరుగారు కుర్చీలో వెనక్కి వాలాడు. నా మాట గొంతులో సిద్ధంగా ఉంది. అడగబోతున్నాను. అంతలో అల్లుడు మెట్ల వైపు తిరిగాడు. పిల్ల మూడో మెట్టు మీద కూర్చుని ఉంది.

“కారు గుద్దింది మాత్రం నా వల్లే” అన్నాడు. “పాప నా చెయ్యి ముట్టుకోలేదు. బెల్టు పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. నేను మందు మీద ఉన్నాను, కునుకు పట్టింది, కళ్ళు తెరిచేసరికి స్తంభం. పిల్ల మీద పెడితే ఎవరూ ఏమీ అనరని దాని మీద పెట్టాను. మీరంతా దాన్ని డ్రైవరమ్మా అంటుంటే నేనూ నవ్వాను.”

ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు. మా అమ్మాయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఐ టోల్డ్ యీ” అంది పిల్ల. ఇక్కడి పిల్లలు పదిమందినీ కలిపి ‘యీ’ అంటారు. మీ అందరికీ చెప్పానుగా అని. ఇంకోసారి, నిదానంగా, “ఐ వాజ్ లుకింగ్ ఎట్ ద కౌస్” అంది.

నేను లిమరిక్ ఆవిడ వైపు తిరిగాను. “ఇప్పుడు పిలువమ్మా డ్రైవరమ్మా అని. ఎవర్ని పిలుస్తావో చూస్తా.”

“సరదాకి అన్నాం ఆంటీ...”

“సరదా అయిపోయిందిగా. పిల్లకి సారీ చెప్పు. తెలుగులో చెబితే దానికి సగమే ఎక్కుద్ది, ఇంగ్లీషులో చెప్పు.”

ఆవిడ మొహం కందగడ్డ చేసుకుని సారీ చెప్పింది. “యూ ఆర్ గ్రాండ్” అంది పిల్ల. ఫరవాలేదు అనడానికి ఇక్కడ అలా అంటారు. నేనైతే అనేదాన్ని కాదు.

పాస్టరుగారు వాక్యం తొందరగా ముగించాడు. ఎవరూ రెండోసారి బిర్యానీ వడ్డించుకోలేదు. చాలా మిగిలింది, డబ్బాల్లో సర్ది ఫ్రీజర్లో పెట్టాను.

అందరూ వెళ్ళాక మా అమ్మాయి, “ఇప్పుడు నీకు కళ్ళు చల్లబడ్డయ్యా?” అని అడిగింది.

“లేదు” అన్నాను. అబద్ధం ఎందుకు? ఆయన ఓడి తల వంచితే చూడాలని కాచుకుని కూర్చున్నాను. ఆయన తల వంచాడు గాని, నేను వంచితే వంగలేదు. నా చేతికి దొరికే ముందే తనంతట తాను వంచుకున్నాడు. ఉచ్చు బిగించి కూర్చున్నదానికి అది ఎంత కష్టంగా ఉంటుందో బిగించినవాళ్ళకే తెలుస్తుంది.

ఇష్టం లేకపోయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. విడుదల పొందానని చెప్పినన్నాళ్ళూ ఆ మనిషి నోట ఒక్క నిజం రాలేదు. చేతగాదు అన్న మొదటి రోజే, ఆ నిజం కొంగు పట్టుకుని రెండో నిజం బయటికి వచ్చింది. తనకి బలముందని చెప్పుకునేవాడు ఆ అబద్ధాన్ని నిలబెట్టడానికి పక్కవాళ్ళ మీద తప్పులు పెడుతూ పోవాలి. చివరికి పిల్ల మీదైనా పెడతాడు. బలం లేదని ఒప్పుకున్నవాడికి దాచుకునే పని తప్పుతుంది. ప్రభువు కూడా చేతులు ఖాళీగా ఉన్నవాడికే కదా ఏదైనా పెట్టగలిగేది. గురువారం హాల్లో ఆ రైతుని ఎందుకు మెచ్చుకున్నారో అప్పుడు తెలిసింది. తెలిసిందని అల్లుడితో మాత్రం అనలేదు.

సాయంత్రం ఆయన బిర్యానీ గిన్నె తోముతుంటే నేను పక్కన నిలబడి తుడుస్తున్నాను.

“ఇక్కడ చెప్పారు, బాగానే ఉంది. కానీ అబద్ధం రాసుకున్నది వీళ్ళు కాదుగా అల్లుడుగారూ.”

ఆయన తోమడం ఆపాడు. “గార్డులా?”

“పిల్ల చెయ్యి లాగిందని అక్కడ రాసి ఉంది. అదలాగే ఉండనిస్తారా?”

“కేసు పెడతారత్తయ్యా. లైసెన్సు పోతుంది. ఉద్యోగం సంగతీ చెప్పలేం.”

“పోనీండి. పిల్ల పేరు అక్కడ ఉండకూడదు.”

ఆయన ఆ గిన్నెనే మళ్ళీ మళ్ళీ తోమాడు. “మీకింకా పగ తీరలేదు.”

“లేదండీ.”

“సరే. వెళ్తాను. కానీ ఒక్కణ్ణే వెళ్ళమంటే నా వల్ల కాదు. సగం దారిలో కాళ్ళు ఇంకో వైపు తిరుగుతాయి. ఆ సంగతి ముందే చెబుతున్నాను.”

అదే మాట మళ్ళీ అన్నాడు. నేను తుడిచే గుడ్డ పక్కన పెట్టాను. “నేనొస్తాను పదండి. దయతో కాదు. మీరు చెబుతుంటే నేను చూడాలి” అన్నాను.

మర్నాడు ఆదివారం. నేను లేచేసరికే ఆయన గడ్డం గీసుకుని, కోటు వేసుకుని హాల్లో నిలబడి ఉన్నాడు. సన్నగా వర్షం పడుతోంది. కారు తియ్యలేదు. ఇద్దరం నడిచాం. రౌండెబౌట్ దగ్గర ఆయన ఆగాడు, నేనూ ఆగాను. కాసేపటికి మళ్ళీ నడిచాడు. గార్డుల స్టేషనులో కిటికీ వెనక ఒక అమ్మాయి ఉంది. ఆయన ఇంగ్లీషులో చెప్పాడు. డాటర్ అన్న మాటా, డ్రంక్ అన్న మాటా నాకు తెలిశాయి. ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి ఇంకొకాయనను తీసుకువచ్చింది. వాళ్ళు అల్లుణ్ణి లోపలి గదిలోకి తీసుకువెళ్ళి తలుపు వేశారు. నేను బయట కుర్చీలో కూర్చున్నాను. ఆయన బయటికి వచ్చి, చెప్పిందంతా రాసుకుని తిరిగి చదివి వినిపించారని, సంతకం పెట్టానని, కేసు సంగతి తర్వాత తెలియజేస్తామన్నారని చెప్పాడు. నడిచి ఇంటికి వచ్చాం. పిల్ల బల్ల దగ్గర టోస్టు తింటోంది. ఆయన తడి కోటు కూడా విప్పకుండా దాని పక్కన కూర్చుని, ఎక్కడికి వెళ్ళి వచ్చాడో, ఏం చెప్పి వచ్చాడో దానికి ఇంగ్లీషులో చెప్పాడు. నేను పొయ్యి మీద పప్పు పెట్టాను.